రెండో మనిషి

పెద్ద కొండచిలువ ఉన్న గదిలోకి ఒక్కరే వెళ్ళకూడదు. పాము ఎనిమిది అడుగులు దాటిందంటే, దాన్ని ముట్టుకునే మనిషి పక్కన ఇంకొక మనిషి ఉండి తీరాలి. ఎత్తి పట్టుకోవాల్సి వస్తే పొడవును బట్టి ముగ్గురో నలుగురో కావాలి. అమెరికాలో వీటిని పద్ధతిగా పెంచేవాళ్ళు గట్టిగా పాటించే నియమం ఇది. మా వీధిలో ఆ రెండో మనిషిని నేను.

మేముండేది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. మా ఇంటికి రెండిళ్ళ అవతల రిటైరైన సైన్సు మాస్టారొకాయన ఉన్నారు. ఆయన బేస్‌మెంట్‌లో ఒక ఆడ బర్మీస్ కొండచిలువ ఉంది. పొడవు 14 అడుగుల పైమాటే, బరువు 40 కిలోలు దాటింది. భార్య ఉన్నన్నాళ్ళూ ఆవిడే ఆయనకు తోడుగా నిలబడేదట. ఆవిడ పోయాక కొన్నాళ్ళు కొడుకు వచ్చి సాయం చేశాడు గానీ, అతని ఉద్యోగం వేరే ఊళ్ళో. కాదంటే ఏమీ అనుకోనని ముందే చెప్పి మాస్టారు నన్ను అడిగారు. నేను నర్సుని. కంగారుపడకుండా చెప్పిన పని చెప్పినట్టు చేస్తానని ఆయనకు నమ్మకం కలిగినట్టుంది. ఒకసారి చూసి చెబుతానన్నాను. చూశాక ఒప్పుకున్నాను.

గిద్దలూరులో ఉన్న మా అమ్మకు ఫోన్లో చెబితే ఒంటికాలి మీద లేచింది. "పిల్లల తల్లివి, నీకెందుకే ఆ పెద్దపాము యవ్వారం? భీముడంతటోణ్ణే కదలకుండా పట్టేసిందంట!" అంది. నహుషుడు శాపం తగిలి కొండచిలువై పడి ఉండటం, అడవిలో ఒంటరిగా తిరుగుతున్న భీముణ్ణి చుట్టేయడం, ధర్మరాజు వెతుక్కుంటూ వచ్చి అది అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పి తమ్ముణ్ణి విడిపించుకోవడం మా ఇంట్లో అందరికీ తెలిసిన కథే. "ఒంటరిగా పోయాడు కాబట్టే కదమ్మా పట్టేసింది. మేం ఇద్దరం పోతాం" అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. అయినా ఫోన్ చేసిన ప్రతిసారీ, పిల్లల సంగతి అడిగాక, "పాము తినిందా?" అని కూడా అడుగుతుంది.

ఆ గదిలో నిలబడి గమనించే కొద్దీ నాలో గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. ఇలాంటి జంతువుల గురించి మాట్లాడేవాళ్ళు రెండు జట్లుగా చీలిపోతారు. ఒక జట్టు మనుషుల ప్రాణాల గురించి మాట్లాడుతుంది, ఇంకో జట్టు పాము సుఖం గురించి. నా కంటికి ఈ రెండూ ఒకే సంగతి. ఆకలితో, చలిలో, ఒళ్ళు చాపుకోను చోటు లేని పెట్టెలో పడి ఉన్న పాముతోనే మనిషికి ఎక్కువ ప్రమాదం. దాన్ని సరిగ్గా చూసుకోనివాడు దాని మూతకు తాళం కూడా సరిగ్గా వేయడు.

మాస్టారు బేస్‌మెంట్‌లో ఒక గోడ పొడవునా దానికి గూడు కట్టించారు. పాము బారుగా సాగితే ముక్కూ తోకా రెండు వైపులా గోడకు తగలకూడదని ఆయన పట్టు. చుట్ట చుట్టుకుని పడి ఉండే జీవానికి అంత చోటెందుకని చాలామంది అంటారు. అమ్మేవాళ్ళూ అదే చెబుతారు. రాత్రిపూట వచ్చి చూస్తే తెలుస్తుంది. దీపాలు ఆర్పాక అది లేచి ఆ చివరి నుంచి ఈ చివరికి నిదానంగా తిరుగుతుంది. పైనున్న అరుగు మీదికి సగం ఒళ్ళు ఎత్తి చూస్తుంది. ఒక్కోసారి గోడ వెంబడి గీత గీసినట్టు సాగి చాలాసేపు అలాగే ఉండిపోతుంది. లోపల అది మొత్తం మునిగేంత నీళ్ళ తొట్టి ఉంది. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలరంగుకు తిరిగినప్పుడు ఎక్కువ సమయం అందులోనే ఉంటుంది. ఇక్కడి చలికాలంలో హీటర్లు నడిచి ఇళ్ళలో గాలి ఎండిపోతుంది. తేమ తగ్గితే కుబుసం పీలికలుగా ఒంటికే అంటుకుపోతుంది, కళ్ళ మీది పొర కూడా ఊడదు. అందుకే కుబుసం ఊడిన రోజు మాస్టారు దాన్ని నేల మీద పరిచి, తల దగ్గర వంగి, గుండ్రటి గాజు లాంటి పొరలు రెండూ వచ్చాయో లేదో వెతుకుతారు. అవి కనబడితేనే ఆయనకు స్థిమితం.

అన్నిటికన్నా ముఖ్యం వేడి. కొండచిలువ తన వేడిని బయటి నుంచే తెచ్చుకోవాలి. అందుకని గూటిలో ఒక కొసన 32 డిగ్రీలు, రెండో కొసన 26 డిగ్రీలు ఉండేలా చూస్తారు. ఎప్పుడు ఎటు జరగాలో పాము ఇష్టం. వేడి పైకప్పుకు బిగించిన ప్యానెల్ నుంచి వస్తుంది. దానికో థర్మోస్టాట్, పాము ఒళ్ళు తగలకుండా జాలీ. కింద పెట్టే కరెంటు రాళ్ళు కొన్ని అమ్ముతారు, వాటిని మాస్టారు గడప తొక్కనివ్వరు. వాటి మీద పడుకున్న పాము పొట్ట కాలుతున్నా పక్కకు జరక్కపోవచ్చు. చలి తగిలితే ఇంకో బాధ. ఊపిరితిత్తులకు జబ్బు చేసి నోటి అంచున బుడగలు వస్తాయి, ఊపిరి తీస్తుంటే ఈల శబ్దం వినిపిస్తుంది. మంచు తుఫానుకు కరెంటు పోయినా గూడు చల్లబడకూడదని ఆయన జనరేటర్ పెట్టుకున్నారు.

వేడి బయటి నుంచే అన్నాను గానీ, దానికి గొప్ప మినహాయింపు ఒకటుంది. గుడ్లు పెట్టిన తల్లి వాటిని చుట్టుకుని, రెండు నెలల పాటు తిండి మానేసి, కండరాలను వణికించి ఒంట్లోనే వేడి పుట్టిస్తుంది. గుడ్ల మీదున్న పాము వెచ్చగా ఉంటుందని 1832లో లామార్ పికో అనే ఫ్రెంచి యాత్రికుడు మన దేశంలో చూసి చెబితే పారిస్ పండితులు చాలామంది నమ్మలేదు. 1841లో ఆ పారిస్ జంతుశాలలోనే ఒక కొండచిలువ గుడ్లు పెట్టింది, వాలెన్సియెన్ థర్మామీటరు పెట్టి చూసి నిజమేనని రాశాడు. మా నల్లమలలో తిరిగే కొండచిలువా ఇలాగే పొదుగుతుంది. చిన్నప్పుడు ఈ మాట మాకెవరూ చెప్పలేదు. పొలంలో పెద్దపాము కనబడితే కర్రలు తీసుకుని పరిగెత్తడమే చూశాం. అలా చచ్చిపడి ఉన్నవాటిలో పొదిగే తల్లులు ఎన్ని ఉన్నాయోనని ఇప్పుడు బాధేస్తుంది.

తిండి నెలకో, నెల దగ్గర పడుతుండగానో ఒకసారి. చంపి గడ్డకట్టించిన కుందేలును ముందురోజే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెడతారు. బతికున్నదాన్ని వేయరు. దాని పన్నో గోరో తగిలి పాము కన్ను పోవచ్చు, పైగా తప్పించుకోను దారి లేని గదిలో కుందేలును ఎందుకు భయపెట్టాలి అంటారు మాస్టారు. మరునాడు సంచిలో చుట్టి వేడినీళ్ళలో ఉంచుతారు. తల భాగం బాగా వెచ్చబడాలి. పాము పెదవుల మీద వరుసగా ఉండే చిన్న గుంటలు వేడిని పసిగడతాయి. ఎర తల ఎటుందో అవే చెబుతాయి. పొడవాటి పటకారుతో మాస్టారు కుందేలును గుమ్మంలోకి చాపుతారు. పాము నాలుక ఆడించడం ఆపేస్తుంది. మెడ నెమ్మదిగా వంకీ తిరుగుతుంది. ఆ తర్వాతిది మాత్రం నా కంటికి ఎప్పుడూ అందలేదు. ఇప్పుడు కుందేలు పటకారు కొసన ఉంటుంది, మరుక్షణం చుట్టలో ఉంటుంది. చుట్ట బిగిసిన చోట పొలుసులు దూరం జరిగి మధ్యలో తెల్లటి చర్మం కనిపిస్తుంది.

నర్సుగా నన్ను అబ్బురపరిచేది ఆ తర్వాత జరిగే పని. పెద్ద ఎరను మింగిన రెండు రోజుల్లో బర్మీస్ కొండచిలువ గుండె దాదాపు 40 శాతం పెరుగుతుందని 2005లో 'నేచర్' పత్రికలో వచ్చింది. పేగులు రెట్టింపు బరువుకు చేరతాయి, ఒంట్లో జీవక్రియ పదుల రెట్లు పెరుగుతుంది. అరుగుదల అయిపోయాక అన్నీ మళ్ళీ మామూలుకు వస్తాయి. మా వార్డులో గుండె పెరిగిందంటే అది దుర్వార్త. దీనికి అది భోజనం. పాము రక్తంలో ఆ పని చేయించే కొవ్వు ఆమ్లాలేవో కొలరాడో విశ్వవిద్యాలయంలో లెస్లీ లీన్‌వాండ్ బృందం కనిపెట్టి 2011లో ప్రకటించింది, మనుషుల గుండెజబ్బుకు ఏమైనా దారి దొరుకుతుందేమోనన్న ఆశతో. ఇంత పెద్ద పని లోపల జరగాలంటే వేడి కావాలి. గూడు చల్లగా ఉంటే కుందేలు కడుపులో అరగక కుళ్ళుతుంది, పాము కక్కేస్తుంది. తిన్న తర్వాత కొన్నాళ్ళు దాన్ని ఎవరూ కదిలించకూడదు. గెస్టులు వచ్చారు, ఒకసారి చూపించండి అంటే మాస్టారు నవ్వుతూనే కుదరదంటారు.

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది పాముకు కోపం వచ్చి కాదు, తలుపు తెరుచుకుంటే తిండే అనుకుని. అందుకే తిండి రోజు కాకుండా మామూలు రోజున గూడు తెరిస్తే, ముందు పొడవాటి ఇనుప కొక్కెంతో దాని ఒంటి మీద మెల్లగా నిమురుతారు. ఇప్పుడు వచ్చింది ఎర కాదు అని దానికి తెలియడానికి. ఆ నిమురుడుకు అది తల వెనక్కి తీసుకుని నాలుక ఆడిస్తే పని మొదలుపెట్టవచ్చు. మెడ వంకీ తిరిగితే తలుపు మూసేసి రేపు చూసుకోవడమే. చేతులకు కుందేలు వాసన ఉండకూడదు. మా ఇంట్లో పిల్లి ఉంది, కాబట్టి నేను చొక్కా కూడా మార్చుకుని వెళ్తాను. తిండి వేరే పెట్టెలోకి మార్చి పెట్టాలని పాత పుస్తకాల్లో రాసేవాళ్ళు. చిన్న పాముల సంగతేమో గానీ, ఇంత పాముని ఆకలి మీద ఒకసారి, తిన్నాక ఇంకోసారి ఎత్తి మోయడం తెలివైన పని కాదు.

కొండచిలువ ఊపిరాడకుండా చేసి చంపుతుందని అందరం అనుకుంటాం. పెన్సిల్వేనియాలోని డికిన్సన్ కాలేజీలో స్కాట్ బోబాక్ బృందం బోవా పాముల మీద పరిశోధించి 2015లో వేరే సంగతి చెప్పింది. చుట్ట బిగిసిన కొద్ది సెకన్లలోనే ఎలుక ఒంట్లో రక్తప్రసరణ పడిపోతోంది. మెదడుకు రక్తం అందకపోతే స్పృహ ఎంత త్వరగా పోతుందో ఆసుపత్రి పనిలో నాకు తెలుసు. మెడకు చుట్టుకుంటే కేక వేయడానికి వ్యవధి ఉండదు. రెండో మనిషి ఇంట్లో ఎక్కడో ఉంటే సరిపోదు, ఆ గదిలోనే, చేతిలో వేరే పని లేకుండా, కళ్ళు పాము మీదే పెట్టి ఉండాలని మాస్టారు పట్టుబట్టేది అందుకే. నా పని ఏమిటో ఆయన నాకు మాటలతో చెప్పి ఊరుకోలేదు, తాడుతో చేయించారు. చుట్టను ఎప్పుడూ తోక కొస నుంచి విప్పాలి. తల దగ్గర లాగితే ఇంకా బిగుస్తుంది, వెనక్కి వంగిన పళ్ళు లోపలికి దిగుతాయి. గోడకు ఒక సీసాలో ఘాటైన మౌత్‌వాష్ తగిలించి ఉంటుంది. కరిచి వదలకపోతే దాని నోట్లో పోయాలి. ఆ సీసా అవసరం ఇంతవరకు రాలేదు.

ఇంత తతంగం అవసరమా అనేవాళ్ళకు నేను 2018 నాటి జల్పాయిగురి వీడియో గుర్తుచేస్తాను. పశ్చిమ బెంగాల్‌లో ఊళ్ళోకి వచ్చిన కొండచిలువను పట్టిన అటవీ అధికారి దాన్ని భుజాల మీద వేసుకుని ఫోటోలకు నిలబడ్డాడు. అది మెడకు చుట్టుకుంది. పక్కన మనుషులు ఉన్నారు కాబట్టి బయటపడ్డాడు. పాముల పని తెలిసిన శాఖ మనిషి పరిస్థితే అది.

పక్కన ఎవరూ లేకుండా పోయిన ప్రాణాల కథలు రాయడానికి చేయి రాదు, అయినా రాయాలి. 2009లో ఫ్లోరిడాలో ఒక ఇంట్లో ఎనిమిదిన్నర అడుగుల బర్మీస్ కొండచిలువ రాత్రి తొట్టెలోంచి బయటపడి రెండేళ్ళ పాపను చంపింది. ఆ పాము తిండి లేక ఎండిపోయి ఉంది. తొట్టెకు తాళం పడే మూత లేదు. పెంచుకున్న ఇద్దరికీ 2011లో జైలుశిక్ష పడింది. 2013లో కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో ఒక ఆఫ్రికా కొండచిలువ గాలి గొట్టంలో దూరి, నిద్రపోతున్న ఇద్దరు అన్నదమ్ముల మీద పడింది. ఇద్దరూ చిన్నపిల్లలు. ఈ రెండు చోట్లా పాము క్రూరత్వం గురించే జనం మాట్లాడుకున్నారు. నేను మాత్రం మూత గురించీ, గొట్టం గురించీ ఆలోచిస్తాను. ఒక తాళం కప్ప, ఒక ఇనుప జాలీ ఉండి ఉంటే ఆ ముగ్గురు పిల్లలూ ఇవాళ పెద్దవాళ్ళయ్యేవాళ్ళు.

మా రాష్ట్రంలో ఇలాంటి పాముకు ప్రభుత్వ అనుమతి కావాలి. 2011లో మాకు గంట ప్రయాణ దూరంలో ఉన్న జేన్స్‌విల్‌లో ఒకాయన తాను పెంచుతున్న పులులు, సింహాలు, ఎలుగుబంట్ల బోనులు తెరిచేసి ప్రాణం తీసుకున్నాడు. పోలీసులు దాదాపు 50 జంతువులను కాల్చి చంపాల్సి వచ్చింది, వాటిలో 18 పులులు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. 12 అడుగులు దాటిన కొండచిలువలు కూడా దాని కిందికి చేరాయి. ఆ కాగితాల పని విసుగ్గా ఉంటుందని మాస్టారు ఏనాడూ అనలేదు. అనుమతి అడిగే ఓపిక లేనివాడికి పామును పెంచే ఓపిక ఎక్కడిది?

ఆ ఓపిక లేనివాళ్ళు ఏం చేశారో ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో కనిపిస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల రెండడుగులు ఉంటుంది, ముద్దుగా చేతికి చుట్టుకుంటుంది. రెండు మూడేళ్ళు తిరిగేసరికి పది అడుగులు. పెంచలేనివాళ్ళు కాలవ గట్టున వదిలేశారు. 1992లో ఆండ్రూ తుఫాను ఒక పాముల పెంపకం కేంద్రాన్ని కూల్చేసింది, అక్కడివి కొన్ని అడవిపాలయ్యాయంటారు. అక్కడ వాటికి చలి లేదు, పోటీ లేదు, ఎర పుష్కలం. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో, పాములు ఎప్పటి నుంచో ఉన్న దక్షిణ భాగంలో రకూన్లు కనబడటం 99 శాతం తగ్గిందని తేలింది. ఆ ఏడాదే అమెరికా ప్రభుత్వం బర్మీస్ కొండచిలువల దిగుమతిని నిషేధించింది. 2017లో వాటిని పట్టడానికి తమిళనాడు నుంచి పాములు పట్టే ఇరుల తెగ పెద్దలను ఇద్దరిని, మాసి సడైయన్, వడివేల్ గోపాల్‌లను రప్పించారు. వచ్చిన కొద్ది రోజుల్లోనే వాళ్ళు 13 పాములను పట్టారు. వాటిలో ఒకటి 16 అడుగుల ఆడపాము. గడ్డి వంగిన తీరు, ఎండిన పెంట, కుబుసం ముక్క చూసి జాడ తీసే ఆ విద్య ముందు ఎన్ని యంత్రాలు తెచ్చినా చాలలేదు. మన దేశం మనుషులకు అంత గౌరవం దక్కినందుకు గర్వపడ్డాను. పట్టుబడిన పాములకు మాత్రం అక్కడ బతికే హక్కు లేదు. ఎవరో సరదాకు కొని విసిరేసిన తప్పుకు అవి శిక్ష అనుభవిస్తున్నాయి.

మన దగ్గర కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి. ఇంట్లో పెట్టుకుంటే జైలే. ఆ చట్టం సరైనదని నా నమ్మకం. అయితే ఈ మధ్య ఆఫ్రికా జాతికి చెందిన బాల్ పైథాన్ అనే కొండచిలువల మీద మన కుర్రాళ్ళకు మోజు పుట్టింది. బ్యాంకాక్ నుంచి వచ్చిన పెట్టెల్లో దాచిన పాముపిల్లలను చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్‌వాళ్ళు పట్టుకున్నారన్న వార్త తరచూ చదువుతున్నాం. విదేశీ జాతి ప్రాణి ఉంటే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలని 2024లో నియమాలు వచ్చాయి. హైదరాబాదులో చదువుకునే మా అన్నయ్య కొడుకు ఒకటి కొనుక్కుంటానని ఫోన్ చేశాడు. "అత్తా, నువ్వైతే కాదనవని నీకే చేస్తున్నా" అన్నాడు. కాదనే అన్నాను. సెయింట్ లూయిస్ జూలో ఒక బాల్ పైథాన్ 60 ఏళ్ళు దాటాక 2020లో గుడ్లు పెట్టింది, నువ్వు ఉద్యోగానికి పోతే, పెళ్ళయితే, ఇల్లు మారితే దాన్ని ఎవరు చూస్తారు నాన్నా అని అడిగాను. పాములంటే అంత ఇష్టముంటే సెలవు రోజుల్లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళ దగ్గరికి వెళ్ళు, ఇళ్ళలోకి వచ్చిన పాములను చంపకుండా అడవికి ఎలా చేరుస్తారో నేర్చుకో అన్నాను. ఇప్పుడు వెళ్తున్నాడు.

మాస్టారికి 70 దాటాయి. ఆయన పాముకు ఇంకో పదేళ్ళ ఆయుష్షు ఉండొచ్చు. నా తర్వాత దీన్ని నువ్వు తీసుకుంటావా అని ఆయన ఇంతవరకు నన్ను అడగలేదు, అడగరు కూడా. మా ఇంట్లో అంత గది లేదని ఆయనకు తెలుసు. మొన్న ఇద్దరం కూర్చుని పక్క రాష్ట్రంలో పాములకు ఆశ్రయమిచ్చే ఒక సంస్థకు ఉత్తరం రాశాం. గూటి కొలతలు, ఏ కొసన ఎంత వేడి, ఎన్నాళ్ళకోసారి ఏ సైజు కుందేలు, ఎప్పుడెప్పుడు కుబుసం విడిచింది, అన్నీ ఆయన నోటుపుస్తకాల్లోంచి ఎత్తి రాశాం. వాళ్ళు జవాబిచ్చారు. పశువైద్యుడి పరీక్ష, వైరస్ పరీక్ష, ఇప్పటి బరువు కావాలన్నారు. వచ్చే నెల కొడుకు వస్తున్నాడు. తిండి పెట్టి రెండు వారాలు దాటేలా రోజు చూసుకుని ముగ్గురం కలిసి తూకం వేస్తాం. వైద్యుడికి అదే వారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.